కిర్రు చెప్పుల కారు

ఒకప్పుడు కిర్రుకు గిరాకీ ఉండేది. చెప్పులు కుట్టించుకునేవాళ్లు చప్పుడు బాగా రావాలని మరీ చెప్పి కుట్టించుకునేవారు. కిర్రు చెప్పులు వేసుకున్న మనిషి వీధి మలుపు తిరగకముందే అతని రాక తెలిసిపోయేది. తోలు మీద తోలు ఒరుసుకుని పలికే ఆ చప్పుడులో ఓ దర్జా. అదే చప్పుడు కారు లోపల, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్కో రబ్బరో ఒరుసుకుని పలికితే మాత్రం ప్రాణం విసుగెత్తిపోతుంది. లక్షలు పోసి కొన్నది ఎడ్లబండిలా మూలుగుతోందేమిటని మనసు పీకుతూ ఉంటుంది.

మా కారుకు ఐదో ఏట పట్టుకుంది ఈ రోగం. హైదరాబాదులో చలికాలం పొద్దున, కాలనీ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా ఎక్కుతుంటే ఒక కిర్రు, దిగుతుంటే ఇంకో కిర్రు. మధ్యాహ్నానికి మాయం. నా చెవికి అది డాష్‌బోర్డు ఎడమ మూల నుంచి వస్తున్నట్టు స్పష్టంగా తెలిసేది. వెనక సీట్లో కూర్చునే అమ్మ మాత్రం "ముందు కాదురా, ఇదిగో నా భుజం పక్కనే" అనేది. నేను వినలేదు. సర్వీస్ సెంటర్లో డాష్‌బోర్డు ఊడదీయించాను. బిల్లు కట్టి బయటికొస్తే కిర్రు అలాగే ఉంది. దానికి తోడు గ్లవ్ బాక్స్ వెనక నుంచి కొత్తగా ఒక టకటక. ఊడదీసేటప్పుడు క్లిప్పు విరిగినట్టుంది.

ఆ తర్వాతే కాస్త కుదురుగా ఆలోచించాను. చప్పుడు ఎక్కడ అని వెతికాను గాని, అది ఏ జాతి చప్పుడని ఒక్కసారీ అడగలేదు.

కారు లోపలి చప్పుళ్లను ఇంజనీర్లు బజ్, స్క్వీక్, రాటిల్ అని మూడు రకాలుగా విడదీస్తారు. మూడూ కలిపి బీఎస్ఆర్. తెలుగు చెవికి ఈ వర్గీకరణ కొత్తేమీ కాదు. కిర్రు, కీచు ఒక జాతి. టకటక, లొడలొడ, గలగల మరో జాతి. జుయ్యిమనడం, ఝుమ్మనడం మూడో జాతి. మొదటిది రాపిడి, రెండోది తాకిడి, మూడోది వణుకు. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. "ఏదో సౌండ్ వస్తోంది" అని చెబితే మెకానిక్ కారంతా విప్పాలి. "కిర్రుమంటోంది, టక్కుమనడం లేదు" అని చెబితే సగం కారును పక్కన పెట్టేయొచ్చు.

నిండు బీరువాను నెట్టి చూసినవాళ్లకు రాపిడి సంగతి తెలుసు. కదిలేదాకా మొరాయిస్తుంది, ఒకసారి కదిలాక అంత బలం అక్కర్లేదు. నిలిచి ఉన్న వస్తువుల మధ్య ఉండేది స్థైతిక ఘర్షణ, కదులుతున్నప్పుడు ఉండేది జారుడు ఘర్షణ. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ అని ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నాం. రెండు తలాలు ఎంత ఎక్కువసేపు కదలకుండా ఆనుకుని ఉంటే వాటి పట్టు అంత గట్టిపడుతుందని ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 18వ శతాబ్దంలోనే గమనించాడు. మన కంటికి నున్నగా కనిపించే ప్లాస్టిక్ సూక్ష్మదర్శిని కింద కొండలు, లోయలు. రెండు ముక్కలు ఒకదాన్నొకటి తాకేది ఆ కొండకొసల దగ్గరే. ఆనుకుని ఉన్నకొద్దీ కొసలు నెమ్మదిగా అణిగి, తాకే చోటు పెరుగుతుంది. రాత్రంతా నిలిపిన కారు పొద్దున తొలి గతుకులో ఎక్కువగా మూలగడానికి ఇదీ ఒక కారణం.

రోడ్డు మీద కారు కదిలినప్పుడు తలుపు ప్యానెల్ ఒక వైపు లాగుతుంది. దాన్ని ఆనుకున్న ముక్క పట్టు వదలదు. ప్లాస్టిక్ సాగే గుణమున్నది కాబట్టి స్ప్రింగులా వంగి బలం కూడగట్టుకుంటుంది. ఆ బలం స్థైతిక ఘర్షణను మించగానే ముక్క చటుక్కున జారుతుంది. జారితే స్ప్రింగు సడలుతుంది, బలం తగ్గుతుంది, మళ్లీ పట్టు. మళ్లీ వంగడం, మళ్లీ జారడం. సెకనుకు వందలసార్లు, ఒక్కోసారి వేలసార్లు. జారిన ప్రతిసారీ ప్యానెల్‌కు ఒక చిన్న దెబ్బ తగులుతుంది. వెడల్పాటి పలచని ప్యానెల్ డప్పు మీది తోలులా ఆ దెబ్బలన్నిటినీ గాలిలోకి పంపేస్తుంది. అదే కిర్రు. దీనికి ఇంజనీర్లు పెట్టిన పేరు స్టిక్-స్లిప్. అంటుకోవడం, జారడం అంతే. ఇంత గోలకు కావలసిన కదలిక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండనక్కర్లేదు. అందుకే కిర్రుమనే చోటును కంటితో చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

వయొలిన్ పలికేదీ ఇలాగే. కమాను వెంట్రుకలు తీగను పట్టుకుని లాగుతాయి, తీగ కొంత దూరం వాటితో వెళ్లి చటుక్కున వెనక్కి జారుతుంది. ఆ పట్టు కోసమే కమానుకు రోజిన్ రుద్దుతారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో సూక్ష్మదర్శినితో తీగను చూసి ఈ రంపపు పళ్ల లాంటి కదలికను వివరించాడు. ద్వారం వెంకటస్వామి నాయుడి కమాను కింద నాదమైనదే నా కారులో శనిలా దాపురించింది. తేడా ఒక్కటే: తీగ తన స్థాయిని తాను నిలబెట్టుకుంటుంది, డోర్ ప్యానెల్‌కు శ్రుతి లేదు. భూమి లోపల రాతిపొరల మధ్య జరిగే భూకంపాలకూ మూలం ఈ అంటుకుని జారడమేనని 1966లో బ్రేస్, బయర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అక్కడ ఒక్క జారుడుకు కొన్నిసార్లు వందేళ్లు పడుతుంది.

ఇక జంటల సంగతి. కారు లోపల ఉండేది ఒక ప్లాస్టిక్ కాదు. డాష్‌బోర్డులో ఎక్కువగా పాలీప్రొపిలీన్, కన్సోల్‌లోనూ మెరిసే పట్టీల్లోనూ ఏబీఎస్, పైన మెత్తటి పీవీసీ తొడుగు, తలుపుల చుట్టూ ఈపీడీఎం రబ్బరు. విడివిడిగా అన్నీ మంచివే. ఎటొచ్చీ జంట కుదరాలి. ఏబీఎస్ మీద ఏబీఎస్ ఆనితే గొడవకు సిద్ధంగా ఉన్నట్టే. జారుడు గుణమున్న పాలీప్రొపిలీన్ పక్కన చేరితే ఆ గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. జర్మనీ కార్ల పరిశ్రమ సంఘం దీనికోసం వీడీఏ 230-206 అని ఒక ప్రమాణమే పెట్టుకుంది. రెండు పదార్థాల నమూనాలను యంత్రంలో ఒకదాని మీద ఒకటి రుద్ది, ఆ జంటకు 1 నుంచి 10 దాకా మార్కు వేస్తారు. 3 లోపయితే నిశ్చింత. 6, అంతకు పైన వస్తే ఆ రెండూ కారులో ఒకదాన్నొకటి తాకకుండా చూసుకోవాలి. మన పెళ్లిళ్లలో పొంతన చూసినట్టే, కాకపోతే ఇక్కడ తక్కువ వస్తే శుభం.

పొంతన కుదిరిన జంటను కూడా విడదీసేది ఎండ. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం మామూలే. ఆదిలాబాదులో జనవరి తెల్లవారుజామున అదే డాష్‌బోర్డు పది డిగ్రీల లోపుకు దిగుతుంది. మధ్యలో అరవై డిగ్రీల తేడా. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని మోసే ఉక్కు దూలం సాగేది 0.012 మాత్రమే. 1.4 మీటర్ల డాష్‌బోర్డుకు లెక్క కడితే ప్లాస్టిక్ దాదాపు ఆరు మిల్లీమీటర్లు, ఉక్కు ఒక్కటి. ఆ ఐదు మిల్లీమీటర్ల తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. అందుకే డిజైనర్లు ఒకచోట గట్టిగా బిగించి, మిగతా స్క్రూలకు గుండ్రటి రంధ్రాల బదులు కోలగా ఉండేవి పెడతారు, ప్లాస్టిక్ అటూ ఇటూ జరగడానికి. ఎవరైనా ఆ స్క్రూలను బలం కొద్దీ బిగించారనుకోండి, కదలాల్సిన ముక్క కదల్లేక, కదలకుండా ఉండలేక మూలుగుతుంది. "ఇంకొంచెం టైట్ చేయండి" అని నేనే సర్వీస్ సెంటర్లో నిలబడి చెప్పి మరీ చేయించాను. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

మా కారు కథలో గుట్టు విప్పే మాట నాకు మొదటి రోజు నుంచీ తెలుసు, పట్టించుకోలేదు: ఏటవాలుగా ఎక్కినప్పుడు మాత్రమే. రెండు ముందు చక్రాలూ కలిసి ఎక్కితే కారు పైకి లేస్తుంది. ఒక్కటే ముందు ఎక్కితే కారు మెలిపడుతుంది, పిండే తడిబట్టలా. ఎంతో కాదు. ఇప్పటి కార్ల బాడీని ఒక్క డిగ్రీ మెలిపెట్టాలంటే 15 వేల నుంచి 30 వేల న్యూటన్ మీటర్ల బలం కావాలి. 20 వేలనుకుంటే, మీటరు పొడవు కడ్డీ చివర 70 కిలోల మనుషులు దాదాపు ముప్ఫై మంది వేలాడినంత. అయినా డిగ్రీలో చిన్న పాలుకే తలుపు చట్రం ఐమూలగా కాస్త సాగుతుంది. చట్రం సాగుతుంది గాని తలుపు సాగదు, అది కీళ్ల మీద, గడియ మీద వేలాడే వేరే వస్తువు. రెండింటి మధ్య ఒరుసుకునేది ఆ రబ్బరు బీడింగ్. అంటే ఏటవాలు గతుకులో మాత్రమే వచ్చే కిర్రును తలుపుల చుట్టూ, డిక్కీ చుట్టూ, అద్దం అంచుల్లో వెతకాలి. డాష్‌బోర్డు ఊడదీయడం ఆఖరి పని.

మరి నా చెవి ముందు మూలను ఎందుకు చూపించింది? చెవులు దిక్కును పట్టేది రెండు ఆధారాలతో. లోతైన ధ్వనులకు, ఒక చెవికి ముందు చేరి రెండో చెవికి ఆలస్యంగా చేరే తేడా. అది ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు లోపే. సన్నటి ధ్వనులకు, తల అడ్డుపడి ఒక చెవికి తక్కువగా వినిపించే తేడా. లార్డ్ రేలే 1907లో చెప్పిన ఈ సిద్ధాంతం ఇప్పటికీ నిలబడి ఉంది. కానీ ఈ రెండూ ఎడమా కుడీ తేల్చడానికి పనికొస్తాయి. ముందా వెనకా, పైనా కిందా అంటే చెవి తడబడుతుంది. ఎదురుగా అద్దం, పక్కన అద్దం, అన్నిటి నుంచీ ప్రతిధ్వనులు. రోడ్డు చూస్తూ నడిపేవాడు తల తిప్పి పోల్చుకోనూ లేడు. దీనికి తోడు, వణుకు పుట్టిన చోటే చప్పుడు పుట్టాలని లేదు. బొబ్బిలి వీణలో మీటేది తీగను, పలికేది పనసకర్ర కుండ. కారు ఉక్కులో ధ్వని సెకనుకు ఐదు కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, ఎక్కడ వెడల్పాటి ప్లాస్టిక్ దొరికితే అక్కడ బయటపడుతుంది.

కొత్త కార్లలో ఈ బాధ ఎక్కువైందనేవాళ్లకు ఓ మాట. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తుంది. గడియారం అప్పుడే మొదలుపెట్టలేదు. ఇంజను, టైర్ల హోరు తగ్గేకొద్దీ ఇన్నాళ్లూ దాగిన చప్పుళ్లు బయటపడతాయి. ఇంజనే లేని ఎలక్ట్రిక్ కారులో మరీనూ. మన చెవికి బాగా పదునున్నది సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల కంపనాల మధ్య. కీచుల్లో చాలా భాగం పడేది ఆ మధ్యలోనే.

చివరికి మా వీధి చివరి షెడ్డులో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ముందు కారు ఖాళీ చేయమన్నాడు. జాకీ, స్పానర్లు, నీళ్ల సీసాలు, డబ్బాలో చిల్లర, అద్దానికి వేలాడే బొమ్మ, నా కళ్లజోడు పెట్టె, అన్నీ. "సగం మంది ప్రాబ్లం ఇక్కడనే అయిపోతది సార్" అన్నాడు. నిజమే, ఆ టకటకలో కొంత నా చిల్లరదే. వాడని బెల్టు కొక్కెం పిల్లర్‌కు కొట్టుకోకుండా చూసుకున్నాడు. తర్వాత "మీరు నడపండి సార్, నేను ఎనక కూసుంటా" అని అద్దాలెత్తించి, ఏసీ, రేడియో ఆపించాడు. ఇది ముఖ్యం. నడిపేవాడు వెతకకూడదు, రోడ్డు చూడాలి. వెతికేవాడు ప్యానెళ్ల మీద అరచెయ్యి ఆనించి నొక్కుతూ పోతాడు. నొక్కగానే చప్పుడు ఆగినా, మారినా చోటు దగ్గరపడ్డట్టే. ఎడమ వెనక తలుపును లోపల నుంచి గట్టిగా లాగి పట్టుకున్నప్పుడు కిర్రు ఆగింది.

ఆపై అతను చేసిన పని నాకు బాగా నచ్చింది. ఏ మందూ పూయలేదు. షెడ్డులోంచి ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి బీడింగ్ మీద చల్లి వేలితో రాశాడు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చేసే పనే. పొడి రేణువులు రెండు తలాల మధ్య దూరి పట్టును తెంపేస్తాయి. మళ్లీ స్పీడ్ బ్రేకర్ ఎక్కించాం. నిశ్శబ్దం. "అమ్మ చెప్పిందే కరెక్టు సార్" అన్నాడు. పౌడర్ చికిత్స కాదు, పరీక్ష. రెండు రోజుల్లో రాలిపోతుంది, కానీ పది నిమిషాల్లో రోగం తేల్చేసింది. ప్లాస్టిక్ అతుకులకు ఇదే పరీక్షను మాస్కింగ్ టేపుతో చేయొచ్చు. ఒక సందు మీద అంటించి రెండు రోజులు నడిపి చూడటం. ఒకసారికి ఒక్కచోటే. నాలుగు చోట్ల అంటించాక చప్పుడు ఆగితే ఏది దొంగో మనకు తెలియదు.

కిర్రు ఆపడానికి మూడే దారులు. రెండింటినీ ఎడం చేయడం, అసలు కదలకుండా కలిపి బిగించడం, లేదా మధ్యలో ఒక మధ్యవర్తిని పెట్టడం. ప్లాస్టిక్ సందుల్లో మధ్యవర్తి ఫెల్ట్ లేదా ఫ్లీస్ టేపు. కార్ల కంపెనీలు వైరింగ్ కట్టలకు చుట్టేదీ ఇదే జాతి. ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండకు దాని జిగురు కారి కొత్త కిర్రు పుట్టిస్తుంది. రబ్బరుకు మధ్యవర్తి సిలికాన్ గ్రీజు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పూసిన అలవాటుతో ఇంజనాయిలో, పెట్రోలియం జెల్లీయో, తుప్పు వదిలించే స్ప్రేనో పూయాలనిపిస్తుంది. ఇనుముకు అది సరే. ఈపీడీఎం రబ్బరు ఖనిజ నూనెలను పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి పాడవుతుంది. కొన్ని ప్లాస్టిక్‌లకు అలాంటి నూనెలు తగిలితే బిగువున్న చోట సన్నటి పగుళ్లు వస్తాయి. సిలికానైనా ఎక్కువ పూస్తే దుమ్ము పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది. ముందు బీడింగ్‌ను నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, గుడ్డతో పలచగా రాయాలి. మా కారుకు అంతే చేశాడు.

టకటకకు ఇంత శాస్త్రం లేదు. సందు ఉంది, అందులో ముక్క ఎగిరి పడుతోంది. విరిగిన క్లిప్పు మార్చినా, స్క్రూ బిగించినా, సందులో మెత్త పెట్టినా సరిపోతుంది. మా గ్లవ్ బాక్స్ క్లిప్పు ఖరీదు సర్వీస్ సెంటర్ బిల్లులో పన్నుకు కూడా రాదు. జుయ్యిమనేదాన్ని మాత్రం లెక్కతో పట్టుకోవచ్చు. నిమిషానికి 800 చుట్లు తిరిగే మూడు సిలిండర్ల ఇంజను సెకనుకు 20 దెబ్బలు కొడుతుంది, నాలుగు సిలిండర్లదైతే దాదాపు 27. ఏదైనా ముక్క సహజంగా ఊగే లెక్కకు ఆ దెబ్బలు సరిగ్గా కలిస్తే అనునాదం. అందుకే ఆ చప్పుడు ఒక వేగంలో పుట్టి, యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే పోతుంది. నంబర్ ప్లేటు, సన్ వైజర్, స్పీకర్ జాలీ, ముందు చూడాల్సినవి ఇవే.

ఇందులో ఒక్క చోట మాత్రం చెయ్యి పెట్టకూడదు. అద్దం పక్కన స్తంభాల్లాంటి పిల్లర్ల ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే దాని వెనక స్పాంజి కూరడం, టేపు చుట్టడం వద్దు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోపు ఆ ట్రిమ్‌ను తోసుకుని తెరుచుకోవాలి. అక్కడి క్లిప్పులు కూడా వేరు, చాలా కార్లలో ఒకసారి ఊడదీస్తే కొత్తవే వేయాలి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వైరు. అక్కడితో ఆపి తెలిసినవాళ్లకు అప్పగించడమే.

ఇప్పుడు పొద్దున్నే స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. దుమ్ముకు ఆ పూత కొన్ని నెలలే నిలుస్తుందని మెకానిక్ చెప్పాడు కాబట్టి, సిలికాన్ గ్రీజు ట్యూబ్ కొని గ్లవ్ బాక్స్‌లో పడేశాను. మొదటి గతుకులోనే అది టక్కుమంది. పాత మేజోడులో చుట్టి పెట్టాను.